ఏడో నెల గ్రహణం

తొంభైల నాటి మాట. భిలాయి పవర్‌హౌస్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒక అత్తగారు నలుగురికీ వినబడేలా కోడల్ని తిడుతోంది. కోడలి ఒడిలో నెలల పాప. పైపెదవి చీలి పుట్టింది.

"గ్రహణం పూట కత్తిపీట ముట్టొద్దన్నాను. ఇన్నాదా? వంకాయలు కోసీసింది. దీన్ని కన్నోరింటికాడ దిగబెట్టీసి వచ్చేస్తాను. మరింక తీసుకురాను."

నేను గ్రహణాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. సూర్యుడు, చంద్రుడు, నీడ అని మొదలుపెట్టబోయాను. ఈలోగా ఎదుటి బల్ల మీదున్న నడివయసు ఆవిడ అడిగింది.

"చెల్లీ, గ్రహణం నాటికి నీకెన్నో నెల?"

"ఏడో నెల, దీదీ."

"కడుపులో పైపెదవి రెండు పక్కల నుంచీ వచ్చి రెండో నెలలోనే అతుక్కోవాలి. పాపకి ఆ రెండో నెలలోనే అతుక్కోకుండా ఉండిపోయింది. ఏడో నెలలో నువ్వు కోసింది వట్టి వంకాయల్నే."

ఎన్నో నెల అన్న ఆ ప్రశ్న అన్ని సభల్లో ఒక్కసారీ నాకు తట్టలేదు. ఆ తర్వాత ఏ సభలోనూ అడగడం మానలేదు.

"నువ్వేటి, డాక్టరమ్మవా?" అంది అత్తగారు.

"కాదు పెద్దమ్మా. ల్యాబులో కోడిగుడ్డు పెంకుకి చిన్న కిటికీ కోసి, లోపల పిల్ల ముఖం ఎలా తయారవుతుందో రోజూ చూస్తాను. అదే నా ఉద్యోగం."

"గుడ్లు చూసుకునేదానివి, మనుషుల సంగతి నీకేటి తెలుసు!"

"గుడ్డులోనైనా కడుపులోనైనా ముఖం అతుక్కునే తీరు ఒకటే. ఈ పెదవికి ఆపరేషన్ ఉంది. చేయించండి."

కోడలు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. బండి వచ్చింది. అత్తగారు సంచి ఎత్తుకుంది. కోడలు లేవలేదు.

"తప్పు నాది కాదత్తా. నానెక్కను. మన క్వార్టరుకే తిరిగి పోదాం, పద."