అంచులో మూడు కుట్లు

తను కుట్టిన గౌను ఎవరైనా చూపించమంటే రమాసుందరి దాన్ని తిరగేసి చేతికిచ్చేది. చుట్టాలు కంగారుపడి, తిరగబడిందమ్మా అంటూ సరిచేసి, బుట్టచేతులు బాగున్నాయనో, కుచ్చులు బాగున్నాయనో చెప్పి తిరిగి ఇచ్చేసేవాళ్లు. తిరగబడలేదని, చూడవలసింది అటువైపేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. చూస్తారేమోనని ఎదురుచూసేది. కుట్టు నేర్చుకున్న ఎనిమిదేళ్లలో ఒక్కరూ చూడలేదు.

1974లో వాళ్లు పటమటలో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లు. భర్త పూర్ణచంద్రరావు కాలవల ఆఫీసులో గుమాస్తా. అత్తగారు జ్ఞానప్రసూనాంబ పామర్రులో నాలుగు నెలలు, ఇక్కడ ఎనిమిది నెలలు ఉండేది. నాలుగేళ్ల కూతురు ఒకతి. ఆ పిల్ల ఒంటిమీద గౌన్లను చూసి వీధిలోవాళ్లు పూర్ణచంద్రరావుకి పైరాబడి బాగా ఉందని నిర్ణయించుకున్నారు. పాపం, ఆయనకు లంచం ఇచ్చేంత పని ఎవరికీ పడేది కాదు.

రమాసుందరికి కుట్టు నేర్పింది తెరేసమ్మ అని, మిషను స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరు. ఆవిడ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో ఒక్కో కుట్టూ రెండుసార్లు పడుతుంది. గుడ్డ ముక్కలు రెంటినీ మొదట బయటివైపు నుంచి సన్నగా కుట్టి, మిగిలిన అంచుని కత్తిరించి, తిరగేసి, ఆ అంచు లోపల దాక్కునేలా మళ్లీ కుట్టాలి. ఒక్క పోగు బయటికి రాదు. పిల్ల చంకలో ఒరుసుకోదు. కాజాలు చేత్తోనే కుట్టాలి. ఇంత చేశాక లోపలివైపు కూడా బయటివైపులాగే ఉంటుంది. అయితే ఎవరూ చూడరు కాబట్టి, అంత శ్రమ పడ్డ సంగతి గౌనుకీ ఆమెకీ మాత్రమే తెలిసేది.

దీనికి సగం తప్పు ఆమెదే. ఇంట్లోనే కుట్టానని ఒప్పుకుంటే మర్నాడు కాఫీల వేళకి గుమ్మంలో ఎవరో ఒకావిడ గుడ్డముక్కతో నిలబడి ఉండేది. ఆ గుడ్డ ఎప్పుడూ అర గజం తక్కువే ఉండేది. మీ చేతిలో ఎలాగో సరిపోతుందిలెండి, మనలో మనకేమిటండీ అనేవాళ్లు. ఆ బాధ పడలేక ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ఎవరైనా "రెడీమేడాండీ?" అని అడిగితే అవునండీ అనేది. ఎక్కడ కొన్నారంటే మద్రాసు అనేది. బెజవాడ అంటే ఏ కొట్లోనో చెప్పాల్సి వస్తుంది. మద్రాసు అయితే అంత దూరం వెళ్లి వెతికేవాళ్లుండరు.

ఈ మాట ఛాయాదేవిగారికి కూడా చెప్పింది. ఆవిడ పూర్ణచంద్రరావు పైఅధికారి భార్య, మహిళా మండలి అధ్యక్షురాలు. ఒక పేరంటంలో పిల్లను దగ్గరికి పిలిచి, గౌను చూసి, మెచ్చుకుని, ఎక్కడిదని అడిగింది. అధికారి భార్యకి ఇంట్లో కుట్టానని చెబితే ఎన్ని గౌన్లు కుట్టాల్సి వస్తుందో రమాసుందరి చప్పున లెక్కవేసుకుని, మద్రాసు నుంచి తెప్పించామండీ అంది. ఛాయాదేవిగారు తల పంకించి, అదీ సంగతి, ఇంత నాణ్యం మన దగ్గరెక్కడుంటుంది అంది. ఆ రాత్రి ఆ మాట చెబితే పూర్ణచంద్రరావు చాలా సంతోషించాడు. భార్య పనితనానికి కాదు, మద్రాసు అన్నందుకు.

అత్తగారి బాధ వేరే. కోడలు కుట్టే గౌన్లలో ఎక్కడా ఒక లోపం ఉండదని ఆవిడ భయం. అంత నదురుగా ఉన్నది ఒంటిమీద వేస్తే పిల్లకి దిష్టి తగలకుండా ఉంటుందా? పిల్ల బుగ్గకి కాటుక చుక్క పెట్టినట్టే గౌనుకీ ఏదో ఒకటి పెట్టాలని, కొత్త గౌను కనిపించినప్పుడల్లా నల్లదారం సూదికెక్కించి కింద అంచు మీద మూడు కుట్లు వంకరగా వేసేది. రమాసుందరి వాటిని పిన్నుతో పీకేసేది. ఆవిడ మళ్లీ వేసేది. ఒక మాటా లేకుండా ఏడాదిపాటు ఈ యుద్ధం జరిగింది. ఆ తర్వాత నల్లదారం కనిపించడం మానేసింది. అత్తగారు ఓడిపోయిందని కోడలు అనుకుంది.

ఆ సంవత్సరం వేసవిలో మండలికి ప్రభుత్వం నుంచి నాలుగు కుట్టుమిషన్లు వచ్చాయి. వాటికి ఒక టీచరు కావాలి. పిల్లల బట్టల పోటీ పెట్టి, మొదటి బహుమతి వచ్చినవాళ్లనే టీచరుగా పెట్టుకుందామని తీర్మానించి ఇంటింటికీ కాగితాలు పంచారు. నిబంధనలు రెండే. బట్ట ఇంట్లో కుట్టినదై ఉండాలి. పోటీదారు ఒక్కరే స్వయంగా కుట్టాలి.

రమాసుందరి ఆ కాగితం మూడుసార్లు చదివింది. ఆమెకు ఉద్యోగం కన్నా ఆ గది మీద ఆశ పుట్టింది. పదిమంది ఆడవాళ్లు కూర్చుని, గౌను తిరగేసి చూడటమే పనిగా పెట్టుకునే గది ఈ ఊళ్లో ఒకటి ఉండబోతోంది. అందులో చూపించే మనిషి తనే కావాలి. పదిరోజులు కూర్చుని ఒత్తుగా నేసిన తెల్ల కేంబ్రిక్‌ గుడ్డతో ఒక గౌను కుట్టింది. మెడకి లేత నీలం పైపింగు, వెనక ఆరు కాజాలు, కింద వెడల్పాటి మడత అంచు. అంచు మడిచి పిన్నులు పెట్టి, మర్నాడు చేత్తో కుట్టి, ఇస్త్రీ చేసి, దిండుగలీబులో పెట్టి దాచింది.

పోటీ రోజున మండలి హాల్లో బల్లల మీద ఇరవై మూడు గౌన్లు పరిచారు. న్యాయనిర్ణేతలుగా ఛాయాదేవిగారు, వన్ టౌన్ నుంచి లక్ష్మీనారాయణ. ఆయనకి శివాలయం వీధిలో బట్టల కొట్టు ఉంది. రెడీమేడు సరుకు కూడా తెప్పిస్తాడు కాబట్టి కుట్టు సంగతులు ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియవని మండలివారి నమ్మకం. ఆయన నమ్మకం కూడా అదే. రమాసుందరి, పిల్లను చంకనెత్తుకున్న అత్తగారు గోడవారగా నిలబడ్డారు.

లక్ష్మీనారాయణ ఒక్కొక్క గౌనూ పైపైన చూస్తూ వచ్చి, తెల్ల కేంబ్రిక్ గౌను దగ్గర ఆగాడు. చేతిలోకి తీసుకున్నాడు. తిరగేశాడు.

 ఎనిమిదేళ్లకి ఒక మనిషి తిరగేశాడు. చంక దగ్గర చూశాడు, పక్కకుట్లు వేలితో తడిమాడు, కాజాలు దీపం వైపు ఎత్తి చూశాడు. చూసి గౌను బల్ల మీద విడిగా పెట్టేశాడు.

"ఇది ఇంటికుట్టు కాదండీ, బొంబాయి సరుకు. ఇంట్లో కుట్టింది తిరగేస్తే తెలిసిపోతుంది. ముప్పై ఏళ్లనుంచి చూస్తున్నాను."

ఛాయాదేవిగారు చీటీ చూసి పేరు చదివి, రమాసుందరి వైపు తిరిగింది. బొంబాయి కాదండీ, మద్రాసు, వీళ్లు పిల్లకి అన్నీ అక్కణ్ణుంచే తెప్పిస్తారు, నాకు స్వయంగా చెప్పారు అంది. ఆవిడ మాటలో కోపం లేదు, జాలి ఉంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

రమాసుందరి ముందుకొచ్చి, పేరంటంలో చూసిన గౌనూ తను కుట్టిందే, ఈ గౌనూ తను కుట్టిందే, అప్పుడు చెప్పింది అబద్ధమని అంది.

"అదేమిటమ్మా, లేని గొప్ప చెప్పుకోడానికి అబద్ధమాడేవాళ్లని చూశాను గానీ, ఉన్నది దాచుకోడానికి ఆడేవాళ్లుంటారా? ఎందుకు చెప్పారట?" అని అడిగింది ఛాయాదేవిగారు.

జవాబు ఉంది. మీరు ఊరికే కుట్టించుకుంటారని చెప్పానండీ అనాలి. రమాసుందరికి పూర్ణచంద్రరావు ఉద్యోగం గుర్తొచ్చింది. చెప్పలేకపోయింది కాబట్టి అబద్ధం రుజువైపోయిందని హాలంతా అనుకుంది.

అప్పుడు జ్ఞానప్రసూనాంబ పిల్లను కిందికి దించి, బల్ల దగ్గరికి నడిచి వచ్చింది.

"వెనకవైపు, ఎడం పక్క కుట్టు దగ్గర అంచు విప్పండి బాబూ. బెత్తెడు విప్పితే చాలు."

ఎందుకని ఆయన అడిగాడు. విప్పితే తెలుస్తుందిగా అందావిడ. బ్లేడు తెచ్చారు. ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాక, పది రోజులు కుట్టిన గౌను అంచుని రమాసుందరే విప్పింది. మడత లోపల, బయటివైపుకీ లోపలివైపుకీ కనపడని చోట, మూడు నల్లదారం కుట్లు, చీమలు దారితప్పినట్టు వంకరగా ఉన్నాయి. వాటిని చూసి మొదట నిర్ఘాంతపోయింది రమాసుందరే.

"మీరెప్పుడు వేశారు అత్తయ్యగారూ?"

"నువ్వు పిన్నులు పెట్టి పడుకున్నప్పుడు. పైన వేస్తే పీకేస్తావుగా. రెండేళ్లనుంచి లోపలే వేస్తున్నాను. అన్నిటికీ ఉన్నాయి, కావాలంటే ఇంటికెళ్లి విప్పి చూసుకో."

లక్ష్మీనారాయణ ఆ కుట్లను చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్లీ చూశాడు. ముప్పై ఏళ్ల అనుభవాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టమే. ఆయన మాత్రం మర్యాదగానే తీసుకున్నాడు.

"బొంబాయివాళ్లు దిష్టికుట్టు వెయ్యరండీ. ఇది ఇంటిదే. నా పొరపాటు. ఇంత పని నేను చూడలేదు, మొదటి బహుమతి దీనికే."

రమాసుందరి కళ్లెత్తి చూసింది. ఆ ఒక్క నిమిషం గది ఆమెదే అయింది. ఈలోగా ఛాయాదేవిగారు కాగితం తీసి రెండో నిబంధన చదివింది. పోటీదారు ఒక్కరే స్వయంగా కుట్టాలి. ఇందులో మూడు కుట్లు అత్తగారివి. ఆవిడే అందరి ముందూ ఒప్పుకుంది. తను పెట్టిన నిబంధన తనే తప్పితే రేపు ఎవరైనా అడగరా? ఇందులో పగ ఏమీ లేదు. ఛాయాదేవిగారు అంత దూరం ఆలోచించే మనిషి కాదు. నిబంధన కనపడింది, పాటించింది. గౌను ఇంట్లో కుట్టిందని రుజువు చేసిన దారమే, అది కోడలొక్కతే కుట్టింది కాదని కూడా రుజువు చేసింది.

మొదటి బహుమతి మంగాయమ్మకి వచ్చింది. ఆమె బందరు నుంచి వచ్చి పటమటలో స్థిరపడిన చేపల వర్తకుల ఇంటి కోడలు. ఎర్ర పాప్లిన్ గౌను, వలతాడులా బిగువైన కుట్టు. గుర్రాలు కట్టి లాగినా ఊడదు. దాన్ని ఎవరూ తిరగేయలేదు. ఇంటికి వెళ్తూ దారిలో జ్ఞానప్రసూనాంబ, చూశావా, ఆ మూడు కుట్లూ లేకపోతే అక్కడే దొంగవయ్యేదానివి అంది. అవి లేకపోతే టీచర్నయ్యేదాన్ని అని కోడలు అనలేదు. అవి లేకపోతే అబద్ధాలకోరుగానే మిగిలేది, టీచరూ అయ్యేది కాదు. ఎటు లెక్కవేసినా లెక్క తేలక ఊరుకుంది.

మంగాయమ్మ తెలివైన మనిషి. మండలిలో చేరిన మూడో వారంలో, మధ్యాహ్నం రమాసుందరి వంటింటి గుమ్మం వైపు నుంచి వచ్చి కూర్చుంది.

"అక్కా, నాకేం సిగ్గు లేదు. ఆ రెండుసార్లు కుట్టేది నేర్పు. లోపల ఎవరు చూస్తారులే అనుకునేదాన్ని. ఇప్పుడు నువ్వు పెట్టిన గొడవకి అందరూ తిరగేసే చూస్తన్నారు."

రమాసుందరి నేర్పింది. మంగాయమ్మ అక్కడ నేర్చుకుని వెళ్లి మండలిలో నేర్పేది. ఆ విధంగా రమాసుందరి గదిలోకి వెళ్లకుండానే గదిలో పాఠం నడిచింది. మెప్పు మంగాయమ్మకి వచ్చేది. ఆమె దాన్ని తెచ్చి నిజాయితీగా వంటింటి గుమ్మంలో అప్పజెప్పేది గానీ, మెప్పు అలా చేతులు మారితే అంత రుచిగా ఉండదు.

ఇక అబద్ధం చెప్పడానికి మద్రాసు లేదు. గుడ్డముక్కలు రావడం మొదలయ్యాయి. వచ్చినవాళ్లు కుట్టు ఎలా ఉన్నా సరే, అత్తగారి చేత ఆ మూడూ వేయించమనేవాళ్లు. జ్ఞానప్రసూనాంబకి తీరిక లేకుండా పోయింది.

అందరికన్నా చివర ఛాయాదేవిగారు కబురు చేసింది. మనవరాలి మొదటి పుట్టినరోజుకి ఒక గౌను కావాలని. పూర్ణచంద్రరావు గుడ్డ స్వయంగా సైకిలు మీద తెచ్చాడు. గుడ్డ సరిపడా ఉండటం చూసి రమాసుందరికి ఆశ్చర్యం వేసింది. ఆ వారం అత్తగారు పామర్రులో ఉంది. ఎన్నాళ్లకో అడ్డం లేకుండా, ఎక్కడా ఒక్క నల్లపోగు లేకుండా, తన ఇష్టప్రకారం కుట్టి ఇచ్చింది.

పుట్టినరోజు నాడు గౌను చూసి ఎవరో అడిగారు. ఛాయాదేవిగారు క్షణం కూడా తడుముకోకుండా, మద్రాసు నుంచి తెప్పించామండీ అంది. పళ్లెంలో మైసూరుపాకు పంచుతున్న రమాసుందరి విని ముందుకి జరిగిపోయింది. ఆ మాట ఎందుకు పుడుతుందో ఆమెకి ఒకరు చెప్పనక్కరలేదు.

లక్ష్మీనారాయణ కూడా వచ్చాడు. ఆయన పిల్లను ఎత్తుకుని, గౌను అంచుని రెండు వేళ్లతో నలుపుతూ చుట్టూ తిప్పి, ఎడం పక్క కుట్టు దగ్గర ఆపాడు.

"మద్రాసు కాదమ్మా, పటమట. ఇదుగో, లోపల దిష్టికుట్టు చేతికి తగుల్తోంది. మద్రాసువాళ్లు వెయ్యరు, బొంబాయివాళ్లు వెయ్యరు."

అందరూ రమాసుందరి వైపు తిరిగారు. మీరా అన్నారు. ఒకావిడ పిల్లను తీసుకుని గౌను కింది నుంచి పైకి మడిచి లోపలివైపు చూసింది, ఇంకొకావిడని పిలిచి చూపించింది. ఛాయాదేవిగారు, అదే, మద్రాసు పద్ధతిలో అంటున్నాను అంది.

ఆ అంచులో ఏమీ లేదని అక్కడ ఒక్క రమాసుందరికే తెలుసు. అయినా కాదనలేదు. ఆయన వేళ్లకి తగిలింది పక్కకుట్టూ అంచూ కలిసే చోటు. సరిగ్గా కుడితే అది కూడా తగలకూడదు. అక్కడ నాలుగు పొరలు పడ్డాయి, ఒకటి కత్తిరించి ఉండాల్సింది. చుట్టూ చేరి మెచ్చుకుంటున్నవాళ్లకి మర్యాదగా జవాబులు చెబుతూ, ఆ గౌను ఒకసారి ఇంటికి ఇప్పించమని ఛాయాదేవిగారిని ఏ సాకుతో అడగాలా అని ఆమె ఆలోచిస్తూ నిలబడింది.