డ్రమ్ములు ఆగినా ఆగని మోత

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, మా ఇంట్లో కుక్కర్ పెట్టని కాలం ఒకటి ఉండింది. దాని కూత నేను తట్టుకోలేనని నా భార్య సలోమి అన్నం గిన్నెలోనే వండి గంజి వార్చేది, స్టీలు సామాన్లు బట్ట పరిచి దాని మీద పెట్టేది, మా పాప గట్టిగా నవ్వితే దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. కన్నబిడ్డ నవ్వు కూడా చెవిలో మేకు మాదిరి దిగతా ఉంటే ఆ తండ్రి బతుకు ఎట్లుంటుందో చూడండి! ఆ తండ్రిని నేనే.

నా పేరు సమూయేలు, మాది చంద్రగిరి, మా నాయన లారీల మెకానిక్కు. చిన్నప్పుడు ఈ మందిరంలోనే డోలక్ వాయించినాను, పెద్దయినాక డ్రమ్ములు పట్టినాను. నగరిలో మరమగ్గాలు నడిపే ఇంటివాడు భాస్కరు గిటారు వాయిస్తాడు, వాడూ నేనూ ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి రాక్ బ్యాండు పెట్టుకున్నాము, పేరు 'ఇనప గొంతు'. మగ్గాల మోతలో పుట్టి పెరిగినోడు కాబట్టి భాస్కరుకు ఎంత సౌండు పెట్టినా చాలేది కాదు, మాకూ చాలేది కాదు. రేణిగుంట దగ్గర పాత గోడౌన్లో మేము సాధన చేస్తా ఉంటే పైన రేకులు అదిరేవి. ఏండ్లు పట్టింది గానీ మా మొదటి ఆల్బమ్ బయటికి వచ్చింది! తిరుపతిలో కాలేజీ పిల్లోళ్లు మా పాటలు ఫోన్లలో పెట్టుకొని తిరగతా ఉంటే, మా నాయన టీ అంగడి కాడ 'వాడు మావాడేనప్పా' అని అందరికీ చెప్పుకున్నాడు. ఆ సంతోషం అబద్ధమని నేను చెప్పను, అదీ దేవుడిచ్చిందే.

తర్వాత టూరు పెట్టుకున్నాము, చిత్తూరు, వేలూరు, బెంగళూరు, చెన్నై, అన్నీ వ్యాన్లోనే. చిత్తూరులో బాగా జరిగింది. వేలూరులో పాట మధ్యలో నా పక్కనున్న పెద్ద స్పీకరు ఒక్కసారిగా కీచుమని కూసింది, నా ఎడమ చెవిలో ఏదో తెగినట్టయింది, వాయిస్తానే ఉన్నాను గానీ నా చేతి కింద డ్రమ్ము నాకే సరిగ్గా వినపడలేదు. జనం చప్పట్లు కొట్టేది కళ్లకు కనిపిస్తా ఉండాది, చెవిలో మాత్రం ఒకటే మోత! పొద్దునకు తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. డాక్టరు చూసి, నరం దెబ్బతినింది, ఆ చెవి ఇంక రాదు, మోత ఎప్పుడు పోతుందో చెప్పలేము, డ్రమ్ముల జోలికి పోవద్దు అన్నాడు.

టూరు ఆపొద్దని నేనే చెప్పినాను. నా చోట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకొని వాళ్లు పోయినారు, నేను ఇంటికి వచ్చి తలుపులు మూసుకున్నాను. మూసుకుంటే ఏం లాభం, మోత లోపలే ఉండాదే! నిద్ర లేదు, కూడు దిగదు, సలోమి పిలిస్తే ఏ పక్క నుంచి పిలుస్తా ఉండాదో తెలియక గోడ దిక్కు తిరిగేవాణ్ని. సంఘ పెద్దలు ప్రేమతో ఇంటికొచ్చి గొంతెత్తి ప్రార్థన చేస్తే, ఆ ప్రార్థనే తట్టుకోలేక చెవులు మూసుకొని ఏడ్చినాను. చచ్చిపోతే ఈ మోత ఆగుతుంది కదా అనే ఆలోచన వచ్చింది. వచ్చి పోలేదు సహోదరులారా, నాలో కాపురం పెట్టింది.

టూరు ముగించుకొని భాస్కరు నేరుగా మా ఇంటికి వచ్చినాడు. మంచం పక్కన కింద కూర్చొని నా కుడి చెవి దగ్గర నిదానంగా, "సామూ, పోయిన ప్రతి ఊర్లో చప్పట్లు కొట్టినార్రా. నాకు మాత్రం వెనక్కి తిరిగి సూడబుద్ధి కాలేదు. ఆడ నువ్వు లేవు" అన్నాడు.

"నాకు బతకాలని లేదురా భాస్కరా" అన్నాను.

ఆ మాట అంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాడు లేచి పోయి వంటింట్లో నుంచి సలోమిని పిలుచుకొచ్చినాడు. "వదినా, వీడేమంటా ఉండాడో విను. మీ ప్రార్థన నాకు రాదు, నువ్వు చెయ్యి. నేను ఈడనే ఉంటాను" అన్నాడు.

సలోమి నా పక్కన మోకాళ్లూని, గొంతు బాగా తగ్గించి ఇట్లా ప్రార్థించింది: "ప్రభువా, ఈ మోత తీసెయ్యమని అడిగి అడిగి అలిసిపోయినాను. తీస్తే నీ దయ. తియ్యకపోతే ఆ మోత కంటే నువ్వే ఈయనకు దగ్గరగా రా తండ్రీ. ఈయన్ని మాకు ఉంచు."

'మాకు ఉంచు' అనే మాట దగ్గర నా గుండె పగిలిపోయింది! సలోమి చెయ్యి పట్టుకొని ఏడ్చి ఏడ్చి ఆ మధ్యాహ్నమే పసిబిడ్డ మాదిరి నిద్రపోయినాను. లేచేసరికి మోత ఉండాది, భయం లేదు! నన్ను చావమని చెప్పే ఆ ఆలోచన పట్టు సడలింది! దేవునికే మహిమ! ఆ వారమే భాస్కరు తిరుపతిలో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు, ఆ మందులను కూడా దేవుడు వాడుకున్నాడని నేను నమ్ముతాను.

నా ఎడమ చెవి రాలేదు. ఇప్పుడు మీ ముందర నిలబడి మాట్లాడతా ఉన్నా మోగతానే ఉండాది. డ్రమ్ములు కొత్తగా వచ్చినోడికి ఇచ్చేసిన దినం చాలా ఏడ్చినాను, ఆ దుఃఖం ఇంకా పోలేదు, పోయిందని దేవుని మందిరంలో అబద్ధం చెప్పలేను. అయినా నా బిడ్డ నవ్వితే ఇప్పుడు నోరు మూయనివ్వను. నా ప్రాణాన్ని నిలబెట్టిన యేసయ్యకు వేల స్తోత్రాలు!

పూర్తిగా బాగయినాక సాక్ష్యం చెబుదామని చాలా కాలం ఆగినాను. మీలో ఎవరైనా తలుపులు మూసుకొని కుమిలిపోతా ఉంటే, లోపల దాచుకున్న ఆ మాట ఒక్క మనిషికైనా చెప్పండి, ప్రభువుకు చెప్పండి. బాగయినాక వస్తామని ఆగొద్దండి. బాగు కాకుండానే రండి. నేను అట్లే వచ్చినాను, ఆయన నన్ను వద్దనలేదు.