మా చెల్లెలి ఫోన్‌లో మూయని పేజీలు

మొన్న ఆదివారం మా చెల్లెలు దువ్వాడ నుంచి సీతమ్మధారలోని మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే ఫోన్ నా చేతిలో పెట్టింది. "అప్పా, ఇది నత్త నడక నడుస్తంది. నీకు ట్యాబులంటే పడదు కదా, నువ్వే సూడు" అంది. మా వైపు అక్కని అప్ప అంటాం. బ్రౌజర్ తెరిచి చూద్దును కదా, ఎన్ని ట్యాబుల్లో పేజీలు తెరిచి ఉన్నాయో చెప్పాల్సిన అంకె స్థానంలో ఒక నవ్వుబొమ్మ ఉంది. వంద దాటితే అది కూడా లెక్క మానేసి నవ్వి ఊరుకుంటుందట.

నాకు ట్యాబులంటే పడదన్న మాట నిజమే. వన్ టౌన్‌లో నేను పనిచేసే షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో అందుకే నన్ను ఆటపట్టిస్తారు. నెట్‌లోకి వెళ్లే ముందు నాకేం కావాలో చీటీ మీద రాసుకుంటాను. ఓడ ఎప్పుడొస్తుంది? అంతే. ఒక పేజీ తెరుస్తాను, జవాబు చీటీ మీద రాసుకుంటాను, మూసేస్తాను. మధ్యలో ఏదైనా ఊరిస్తే బుక్‌మార్కుల్లో పడేసి శనివారం మధ్యాహ్నం చూస్తాను. అప్పటికి వాటిలో సగం ఎందుకు దాచానో నాకే గుర్తుండదు, హాయిగా తుడిచేస్తాను. పక్క సీటావిడ నలభై పేజీలు తెరిచి, పాట ఎందులోంచి వస్తోందో తెలియక వెతుక్కుంటూ ఉంటుంది. ఈ బుద్ధి నాకు పుట్టుకతో వచ్చిందని ఆవిడ నమ్మకం. కాదు. ఒకప్పుడు నా అంత ఆత్రం మనిషి ఇంకొకరు ఉండేవారు కాదు.

చెల్లెలికి ఇంజనీరింగ్ ఎంట్రన్సులో రేంకు వచ్చిన ఎండాకాలం అది. ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరసగా వెబ్‌సైటులో పెట్టాలి. మొదటిది దొరక్కపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. నేను ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయింది, అయినా మా యజమాని నమ్మి ఆదివారం ఆఫీసు తాళాలిచ్చాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర పట్టుకుని ఇద్దరం ఆ చెక్క మెట్లెక్కాం. కిటికీలోంచి రెండు మేడల సందున పోర్టు క్రేన్ల తలలు కనిపించేవి. కింద సందులో ఆటోల హారన్లు, పైన మా నవ్వులు. అంత పెద్ద ఆఫీసు మా ఇద్దరిదే అయిన ఆ పూట తలచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మేం అంత ఆనందంగా పక్కపక్కన కూర్చున్నది మళ్లీ ఎప్పుడూ లేదు.

దానికి సివిల్ కావాలి. నాన్న పోర్టులో క్రేన్ల దగ్గర పనిచేసేవాడు. దానికి పదేళ్లప్పుడు ఆయనకి క్యారేజీ ఇవ్వడానికి నాతో గేటు దాకా వచ్చి, ఇంత బరువుని నీళ్ల ఒడ్డు నేల ఎలా మోస్తోందని అడిగింది. "నాకేటి తెలుసమ్మా, నువ్వు సదూకుని నాకు సెప్పు" అన్నాడు నాన్న. ఆ మాటని అది మనసులో కట్టేసుకుంది. ఊళ్లోని పెద్ద కాలేజీలో సివిల్ సీటు రావాలని రోజూ తెల్లారకుండానే లేచి చదివింది.

నాకేమో లోకమంతా చెప్పే కంప్యూటర్సే కావాలి. పొద్దున్నే దువ్వాడ వైపు కాలేజీలో కంప్యూటర్స్ మొదట పెట్టి ఒక వరస తయారుచేశాను. అది ఒప్పుకోలేదు. పులిహోర తింటూ గంటసేపు కొట్టుకున్నాం. చివరికి నేనే తగ్గి, అదే సైటు ఇంకో ట్యాబులో తెరిచాను. దాని వరస అది పెట్టుకుంది, సివిల్ మొదట. సేవ్ కూడా చేసింది. అప్పటికి బస్సులని, హాస్టళ్లని, ఫీజులని పాతిక పేజీలు తెరిచి కూర్చున్నాను. ఇక పోదామని ఒక్కొక్కటీ బరబరా మూసుకుంటూ పోయాను. వాటిలో పొద్దుటి నా వరస ఉన్న పేజీ ఇంకా బతికే ఉంది. మూయబోతే, మార్పులు సేవ్ చేయమంటారా అని అడిగింది. చూడకుండా అవునన్నాను. ఖరారు చేసి, ప్రింటు తీసి, చదవకుండా మడిచి సంచిలో పెట్టాను.

దువ్వాడ వైపు కాలేజీలో కంప్యూటర్స్ సీటు వచ్చిందని నా ఫోన్‌కి మెసేజీ వచ్చిన రోజే ఆ కాగితం విప్పి చూశాను. నా వరసే ఉంది, దానిది లేదు. చెల్లెలు నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"పెద్ద కాలేజీకి నీ రేంకు అందలేదే" అన్నాను.

అది పుస్తకాలన్నీ కట్టకట్టి అటకెక్కించింది. నాన్న మాత్రం కంప్యూటర్స్ అని విని వీధంతా స్వీట్లు పంచాడు. వరస మార్చుకోవడానికి రెండో విడత కౌన్సెలింగ్ ఉందని తెలిసీ నేను నోరెత్తలేదు. ఎత్తితే నా తప్పు బయటపడుతుంది. నా పిరికితనానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. అది నాలుగేళ్లు రైలెక్కి వెళ్లి చదువుకుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది, దువ్వాడలోనే ఇల్లు కొనుక్కుంది. అంతా బాగానే జరిగిందిలే అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

మొన్న దాని ఫోన్‌లో ఒక్కో పేజీ అడిగి మూస్తున్నాను. కుక్కర్ గాస్కెట్టు. "తీసీ." జాకెట్టు డిజైన్లు. "తీసీ." కరెంటు బిల్లు. "అదెప్పుడో కట్టేసేను, తీసీ." తర్వాత సముద్రంలో స్తంభాలు ఎలా దింపుతారో చెప్పే పేజీ వచ్చింది.

"అది ఉంచప్పా."

తర్వాత అలలకి కట్టే రాతిగోడలు. ఉంచమంది. మెత్తటి నేలలో పునాదులు. ఉంచమంది. అలాంటివి ముప్పై పైనే ఉన్నాయి. "ఊరికే సదూతాను. పని లేనప్పుడు" అని సిగ్గుపడుతూ నవ్వింది.

నా చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. ఇంక ఆపుకోలేక అంతా చెప్పేశాను. రెండు ట్యాబులూ, చూడకుండా నొక్కిన బటనూ, మడిచిన కాగితం, రెండో విడతా, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మరి రేంకు?" అంది.

"అందేదే. నీ వెనక రేంకుల వాళ్లకి అక్కడ సివిల్ వచ్చింది. అప్పుడే చూశాను."

అది టీ గ్లాసు కింద పెట్టింది.

"నాను బాగా సదవలేదనుకున్నానప్పా ఇన్నేళ్లూ. నాన్న పోయే ముందు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, సరిగా సదూకోలేదు, క్షమించు నాన్నా అని సెప్పేను."

"ఏటన్నాడు?" అని అడిగాను.

"ఏటంటాడు? పోనీలేమ్మా అన్నాడు."