చందనం గుండు మీద హెడ్‌ఫోన్

1957లో, తిరుత్తణి కొండకు పోయే వీధిలో నాకు రేడియో రిపేరు అంగడి ఉండేది. నేను చదివింది మూడో తరగతే. వాల్వులు, తీగలు మాత్రం చూసి చూసి పట్టుబడ్డాయి.

ఒక సాయంత్రం వెంగల్ నుంచి రంగయ్యన్న, ఆయన భార్య మునెమ్మక్క వచ్చారు. కూతురికి మద్రాసు రేడియోలో పాడే అవకాశం వస్తే గుండు కొట్టించుకుంటానని ఆయన మొక్కుకున్నాడట. ఆ పాట ఆ రోజు ఆరున్నరకే. పొద్దున కొండ మీద మొక్కు తీర్చి, గుండుకు చందనం పూసుకుని దిగాడు. వాళ్ల ఊళ్లో రేడియో లేదు.

ముందుగానే స్టేషన్ పట్టించాను. ఎవరో వీణ వాయిస్తున్నారు. ఆయన ముఖంలో కదలిక లేదు. ధ్వని పెంచితే ఎదురు పూలంగడి వాళ్లు తొంగిచూశారు.

"వినపడతాందా అన్నా?"

"ఏందో గురగుర అంటాది. మా రైసుమిల్లు ఇంజను మాదిరే ఉండాది."

"ఇరవై ఏండ్లు ఆ ఇంజను పక్కనే నిలబడినాడు కదప్పా," అంది మునెమ్మక్క. "నేను పిలిస్తే వినపడదు. సాపాటంటే మాత్రం వినపడతాది."

నవ్వింది గానీ, ఆమె కళ్లు గడియారం మీదే ఉన్నాయి. పాట పావుగంటే.

నా దగ్గర పాత మిలిటరీ హెడ్‌ఫోన్ ఒకటి ఉంది. రేడియోలో ధ్వని ఎక్కడ ఆగిపోయిందో చెవికి పెట్టుకుని వెతికే సాధనం అది. రెండు తీగలు రేడియోకు కలిపి ఆయన తలకు తగిలించాను. చందనం మీద సర్రున జారి మెడలో పడింది.

"తుడుస్తానన్నా."

"అయ్యయ్యో, స్వామి చందనం! తుడవగూడదు!"

మునెమ్మక్క ఆయన తుండుగుడ్డ లాగి, హెడ్‌ఫోన్ మీదుగా గడ్డం కింద నుంచి నడినెత్తికి బిగించి కట్టేసింది. "పన్ను పీకించుకున్నోడి మాదిరి ఉండావు. కదలబాక."

రేడియోలో కూతురి పేరు చెప్పారు. ఆయన వేలెత్తాడు. మరుక్షణం వీధంతా దద్దరిల్లేలా అరిచాడు: "మా పిల్లే! మా పిల్లే పాడతాంది!"

"అరవబాకయ్యా, పక్కనే ఉండా."

"పాట ఎత్తుకునే ముందర ఊపిరి పీల్చింది, విన్యావా?"

"ఊపిరి యాడ వినపడతాది?"

ఆయన తుండు వదులు చేసి, ఒక చెవిది తీసి ఆమె చెవికి అదిమిపెట్టాడు. నడివీధి అంగడిలో మొగుడి తలకు తల ఆనించాల్సి వచ్చి ఆమె సిగ్గుపడింది. చందనం ఆమె చెంపకంటింది. తుడుచుకోలేదు.

"ఔనబ్బా," అంది చిన్నగా. "పైకి పోయే ముందు గుటక మింగతాంది. ఇంట్లో ఇన్నేండ్లు పాడినా నాకు తెలీలేదే!"

పాట ముగిసేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు. పూలంగడామె ఒక మూర మల్లెలు తెచ్చి మునెమ్మక్క చేతిలో పెట్టింది.

అంతవరకు వీధి చివరిదాకా వినిపిస్తే రేడియో బాగుపడినట్టని నా లెక్క. ఆ రోజు నుంచి ఏ రేడియో వచ్చినా హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాడేవాళ్ల ఊపిరి వినబడేదాకా తిరిగి ఇచ్చేవాణ్ణి కాదు.