తాళాలమ్మ ఇవ్వని తాళంచెవి

ఆమెకు తాళాలమ్మ అని పేరు పెట్టింది పంపులు బాగుచేసే ఫిట్టరు. నడుముకు వేలాడే తాళాల గుత్తి చప్పుడును బట్టి ఆమె గేటు దగ్గరుందో, ప్యానెల్ గదిలో ఉందో చెప్పేయొచ్చని అతని వేళాకోళం. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, ఆఫీసు నుంచి ఫోన్ చేసే ఇంజనీరు కూడా ఒక్కోసారి నోరుజారి అలాగే పిలిచేవాడు.

ఊరి పల్లపు వైపున్న మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో ఆమె పగటి డ్యూటీ ఆపరేటరు. నాలుగు వార్డుల ఇళ్లలోంచి వచ్చే మురుగంతా అక్కడి లోతైన బావిలోకి చేరుతుంది. బావి అడుగున మునిగి ఉండే రెండు పంపులు దాన్ని తోడి దూరంగా ఉన్న శుద్ధి కేంద్రానికి పంపిస్తాయి. అవి తిరుగుతున్నంతకాలం అక్కడో స్టేషన్ ఉందని ఎవరికీ గుర్తుండదు. ఆమె అక్కకు కూడా గుర్తుండేది కాదు. ఆ అక్క ఇల్లు స్టేషన్‌కు పది నిమిషాల నడక దూరంలో, అన్నిటికన్నా పల్లపు సందులో ఉంది.

కరెంటు పని కోర్సు చదివి ఈ ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్లయింది. మనిషి మొదట్నుంచీ అనుమానాల పుట్ట. గ్యాస్ కట్టేశానో లేదోనని మెట్లు దిగినదల్లా మళ్లీ ఎక్కి చూసొస్తుంది. భర్త బస్సు డ్రైవరు. "మా ఆవిడ గడప దాటేలోపు నేనొక ట్రిప్పు కొట్టి రావచ్చు" అని నలుగురిలో నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే తలుపు గొళ్లెం ఇంకోసారి లాగి చూసేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు శిక్షణ ఇచ్చారు. "బావిలో విషవాయువు మరీ ఎక్కువైతే వాసన కూడా తెలీదు, ముక్కు మొద్దుబారిపోతుంది. ఒకడు పడిపోవడం చూసి, వాణ్ణి తీద్దామని ఇంకొకడు దిగుతాడు. పోయేవాళ్లలో ఎక్కువమంది ఆ రెండోవాళ్లే" అని చెప్పాడు శిక్షకుడు. భోజనాల కోసం అందరూ గడియారం చూసుకుంటున్న ఆ గదిలో ఆమె ఆ మాటల్ని పుస్తకంలో రాసుకుంది.

రాయడం ఆమెకు బాగా అలవాటు. స్టేషన్ లాగ్‌బుక్కులో ఆమె రాసినవి చూడండి. ఒకటో పంపు మోటారు కాలిపోయి వైండింగుకు వెళ్లి రెండు నెలలైంది, తిరిగి రాలేదు. రెండో పంపును పైకి లాగే గొలుసు తుప్పు పట్టి పెచ్చులూడుతోంది, మార్చాలి. ఈ మాటను మూడుసార్లు, మూడు తేదీల్లో రాసింది. గ్యాస్ మీటరు రిపేరుకు పంపారు. బావిలోకి గాలి కొట్టే బ్లోయర్‌ను పక్క స్టేషన్‌వాళ్లు రెండ్రోజుల్లో ఇచ్చేస్తామని పట్టుకెళ్లారు, నెల దాటింది. అన్నిటికీ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఒక్కటే: చూస్తున్నాం.

వానాకాలం మధ్యలో ఒక ఉదయం, తెల్లవారుజాము నుంచి కుండపోతగా కురుస్తుండగా, రెండో పంపు మూలిగి ఆగిపోయింది. ఆమె ఒకసారి మళ్లీ ఆన్ చేసి చూసింది. గుర్రుమని, ట్రిప్పయి ఆగిపోయింది. రెక్కలకు ఏదో చుట్టుకుందని అర్థమై, మెయిన్ స్విచ్ దించి, దానికి తన సొంత తాళం వేసి, ఫిట్టరుకు ఫోన్ చేసింది.

ఫిట్టరు తడుస్తూనే వచ్చాడు. యాభై దాటిన మనిషి, పని తెలిసినవాడు. పంపు చెడిపోతే దాన్ని గొలుసుతో పైకి లాగి బాగుచేస్తారు గాని, ఎవరూ కిందికి దిగక్కర్లేదు. ఇద్దరూ కలిసి, బరువులెత్తే చైన్‌బ్లాకు తగిలించి లాగారు. పంపు జానెడు కదిలింది. అంతలో గొలుసు పుటుక్కున తెగి, పంపు మళ్లీ అడుక్కు జారిపోయింది.

ఫిట్టరు బావిలోకి తొంగి చూశాడు. "ఇక మనిషి దిగి కొక్కెం తగిలించాల్సిందే" అంటూ చొక్కా విప్పాడు.

ఆమె మూత వేసేసింది. ఇనప మూత. దానికి తాళం పెట్టి, తాళంచెవిని గుత్తిలోంచి ఊడదీసి జాకెట్లో దోపుకుంది.

"ఏంటమ్మా ఈ చోద్యం?"

"మీటరు లేదు, బ్లోయరు లేదు. అవి వచ్చాక దిగు, అన్నా."

"పాతికేళ్లుగా దిగుతున్నా. మీటరు పుట్టకముందు నుంచీ దిగుతున్నా. పది నిమిషాల పని!"

ఆమె ఇంజనీరుకు ఫోన్ చేసింది. ఆయన బ్లోయరు పంపిస్తానన్నాడు. వెంటనే గొంతు తగ్గించి, "ఈలోపు ఫిట్టరు ఒప్పుకుంటే మాత్రం... మీరే చూసుకోండమ్మా" అన్నాడు.

"దించమని రాసి పంపండి సార్, దించుతాను" అంది ఆమె. అవతల ఫోన్ పెట్టేశారు.

పదింటికి అక్క ఫోన్ చేసింది. "ఏమేవ్, బాత్రూంలోంచి నీళ్లు ఎగదన్నుతున్నాయే. మామూలు నీళ్లు కాదు. ఆగింది మీ స్టేషనేనా?"

"అవునక్కా. పంపు ఆగింది."

"మరి తిప్పరేం?"

ఆమె చెప్పింది. అక్క సగమే విన్నది. "ఇక్కడ మామయ్య మంచం మీద ఉన్నారే. కదల్లేరు, నీకు తెలుసుగా!"

తెలుసు. అక్క మామగారికి తుంటి ఎముక విరిగి నాలుగు నెలలైంది. వీధివైపు కింది గదిలోనే ఆయన మంచం. కబుర్ల పోగు, ఈమె కనిపిస్తే "మా ఇంజనీరమ్మ వచ్చింది" అని పలకరించేవాడు. ఇంకెవరూ ఆమెను అలా అనలేదు.

పదకొండింటికి బావ వచ్చాడు, ఆ సందులోవాళ్లు మరో పదిమందితో. మోకాళ్ల దాకా తడి, ఒంటి నిండా కంపు. మొదట బతిమాలాడు. "నా ముఖం చూసైనా తాళం ఇవ్వమ్మా." తర్వాత గొంతు పెరిగింది. "అవతల మా నాన్న మంచం కింద మురుగు పారుతోంది. నీ రూల్సు నీ దగ్గరే పెట్టుకో!"

"ఇంకో గంటలో బ్లోయరు వచ్చేస్తుంది బావా. బండి బయల్దేరింది."

బండి బయల్దేరిన మాట నిజమే. వంతెన దగ్గర నీళ్లు నిలిచి అక్కడే ఆగిపోయిందన్న మాట ఆమెకు అప్పటికి తెలియదు.

గుంపులో ఎవరో తాళం పగలగొడదామన్నారు. ఫిట్టరు ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవలేదు. "చచ్చేది నేను కదా తల్లీ. నాకు లేని బాధ నీకెందుకు?"

"నువ్వు పడిపోతే నేను చూస్తూ నిలబడలేనన్నా. దిగేస్తాను. నా సంగతి నాకు తెలుసు. నా వెనక బావ దిగుతాడు. అందుకే ఇవ్వను."

ఆమె వెళ్లి మూత మీదే కూర్చుంది. వాన ఆమె నెత్తిన కురుస్తూనే ఉంది. ఆడమనిషి మీద చెయ్యి వెయ్యలేక గుంపు ఆగింది గాని, నోళ్లు ఆగలేదు. ఆ రోజు విన్న మాటల్లో కొన్ని ఆమె భర్తకు కూడా చెప్పలేదు.

బ్లోయరు ఒంటిగంట దాటాక వచ్చింది. బండితో వచ్చిన ఇద్దరూ గొట్టం లోపలికి దించి అరగంట పైగా గాలి కొట్టారు. ఆ తర్వాత ఇంకో వాహనంలో మీటరు వచ్చింది. తాడుకు కట్టి దించి చూస్తే అంకె సున్నా. ఫిట్టరు బెల్టు తగిలించుకుని, పైన ముగ్గురు తాడు పట్టుకోగా దిగి, కొక్కెం తగిలించి, నిజంగానే పది నిమిషాల్లో పైకొచ్చాడు. పంపు రెక్కలకు చీరపేలికలు, ఒక గోనెసంచి, నేల తుడిచే కర్ర తాలూకు కుచ్చు చుట్టుకుని ఉన్నాయి. మూడింటికి పంపు తిరిగింది.

ఫిట్టరు చేతులు కడుక్కుంటూ మీటరు వైపు చూపించాడు. "చూశావా? సున్నా."

"గాలి కొట్టాక చూశాం కదన్నా."

"ముందు కూడా సున్నాయేనేమో."

ఆ ఉదయం బావిలో ఏముందో కొలిచినవాళ్లు లేరు. ఇక ఎప్పటికీ కొలవలేరు.

ఇరవై మూడు ఇళ్లలోకి మురుగు వచ్చింది. పెద్దాయన్ను నలుగురు మంచంతో సహా ఎత్తి, వానలోనే పై వీధిలో తెలిసినవాళ్లింటికి చేర్చారు. రెండో రోజుకు జ్వరం, నాలుగో రోజుకు ఆయాసం. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు. పదిహేడో రోజున ఆసుపత్రిలో పోయాడు. నెలల తరబడి మంచాన పడ్డ వయసుమళ్లినవాళ్లకు ఇది ఎప్పుడైనా రావచ్చని డాక్టరు చెప్పాడు. తడవడం వల్లేనా అని బావ అడిగితే, అవుననీ కాదనీ అనలేదు.

ఆమె అక్క ఇంటికి వెళ్లింది. అక్క గుమ్మంలోనే ఆపలేదు, లోపలికి రమ్మనలేదు. "మీ బావిలో ఎవరూ పోలేదుగా" అంది. అంతే. ఆ మాటలో తిట్టు లేదు. తిట్టి ఉంటే బావుండేదని ఆమె తర్వాత భర్తతో అంది.

పంపింగ్ పునరుద్ధరించడంలో జాప్యం చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని ఆఫీసు నుంచి మెమో వచ్చింది. లాగ్‌బుక్కులో తను గొలుసు గురించి రాసిన మూడు పేజీల నకళ్లు జతచేసి ఆమె జవాబు పంపింది. దాని మీద చర్యా లేదు, మూసేశామన్న కబురూ లేదు. కానీ నెల తిరక్కుండా రెండు పంపులకూ తుప్పుపట్టని కొత్త గొలుసులు వచ్చాయి. ఒకటో పంపు వైండింగు పూర్తయి వచ్చింది. కొత్త మీటరు, సొంత బ్లోయరు వచ్చాయి. వాటిని దించుకుంటూ సంతకం పెడుతుంటే ఆమెకు సంతోషం కలగలేదు. ఇవే ఆర్నెల్ల ముందు వచ్చి ఉంటే!

ఫిట్టరు రెండు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు బావిలో చెత్తను ఆపే జాలీని శుభ్రం చేయడానికి వచ్చి, మూత దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెట్టు తల్లీ నీ మీటరు. పెట్టందే కదలనివ్వవుగా" అన్నాడు, విసుగ్గానే.

మరుసటి ఎండాకాలంలో, ఒక మామూలు మధ్యాహ్నం, వాళ్లిద్దరూ మీటరు దించారు. అది సగం లోతులోనే కీచుమని కూయడం మొదలుపెట్టింది. ఎర్ర దీపం టపటపా కొట్టుకుంది. ఇద్దరూ వెనక్కి జరిగారు. పైన కొత్త వాసనేమీ లేదు, రోజూ ఉండేదే. ఫిట్టరు పక్కకెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. "ఆ రోజు కూడా..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

ఆమె ఫోన్ తీసి అక్క నంబరు నొక్కింది. ఒక్కసారి మోగగానే కట్ చేసింది. ఏమని చెప్పాలి? ఈ రోజు బావిలో ఉన్నది ఆ రోజూ ఉందని ఎట్లా అనగలదు? ఉందనే అనుకుందాం, దానివల్ల పెద్దాయన తిరిగొస్తాడా?

రెండు నిమిషాలకు అక్కే తిరిగి ఫోన్ చేసింది. "చేశావెందుకే?"

"ఏం లేదక్కా. చెయ్యి తగిలింది."

"సరే" అంది అక్క. వెంటనే పెట్టెయ్యలేదు. "పెద్దదానికి పరీక్షలు అయిపోయాయి. ఆదివారం నీ దగ్గరికి వస్తానంటోంది, పంపనా?"

"పంపక్కా."

ఇప్పుడు అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుంటారు. పిల్లల గురించి, కాళ్ల నొప్పుల గురించి, ఊళ్లోవాళ్ల గురించి. ఆ వాన రోజు గురించి మాత్రం ఇద్దరూ ఎత్తరు. కింది గదికి కొత్త సున్నం వేశారు. అందులో ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు. ఆమె వెళ్లినప్పుడు ఆ గదిలో కూర్చోదు, వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. ఎందుకని అక్క ఇంతవరకు అడగలేదు.