మార్చి నెలాఖరున తాళం పడిన సాఫ్ట్‌వేర్

2023 మార్చి నెలాఖరు. గుంటూరులో మిర్చి సీజన్ మంచి ఊపు మీద ఉంది. చిలకలూరిపేట రోడ్డు పొడుగునా కోల్డ్ స్టోరేజీల ముందు టిక్కీలనే మిర్చి బస్తాలు నింపుకున్న లారీలు బారులు తీరి ఉన్నాయి. కొత్తవాళ్ళు ఆ గేట్లు దాటి లోపలికి అడుగుపెడితే తుమ్ములు ఆగవు. నాకు అలవాటైపోయింది, ఎందుకంటే ఆ కోల్డ్ స్టోరేజీల్లో ఒకటి మా క్లయింట్‌ది.

నేను బ్రాడీపేటలో చిన్న ఆఫీసు నడుపుతున్నాను. కంపెనీల కంప్యూటర్లకు కాపలా కాయటం మా పని. ప్రతి కంప్యూటర్, ప్రతి మెయిల్ సర్వర్ తను చేసే పనంతా ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుంటుంది. ఎవరు లోపలికి వచ్చారు, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏం పంపారు అన్నీ. దాన్నే లాగ్ అంటారు. సెక్యూరిటీ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఈ లాగ్‌లన్నీ ఒకచోటికి చేర్చి, అనుమానం ఉన్నచోట మనం వెతుక్కునే వీలు కల్పిస్తుంది.

దీని ధర ఎలా కడతారో చాలామందికి తెలియదు. ఎన్ని కంప్యూటర్లున్నాయని కాదు, రోజుకి ఎన్ని జీబీల లాగ్ అందులోకి వస్తోందన్నదాన్ని బట్టి కడతారు. కరెంటు బిల్లులో స్లాబుల్లాగే ఇందులోనూ స్లాబులుంటాయి. తేడా ఒక్కటే. కరెంటు ఎక్కువ వాడితే బిల్లు పెరుగుతుంది గాని ఇంట్లో దీపం ఆరిపోదు. మేం వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ లైసెన్స్‌లో మాత్రం, నెలలో కొన్నిసార్లు పరిమితి దాటితే వెతికే సౌకర్యానికి తాళం పడుతుంది. లాగ్‌లు వచ్చి చేరుతూనే ఉంటాయి, మనకి కనిపించవు.

మా క్లయింట్ రాజ్యలక్ష్మి గారు. భర్త పోయిన తర్వాత కోల్డ్ స్టోరేజీ, మిర్చి ఎగుమతి రెండూ ఆవిడే చూస్తున్నారు. మరిది శ్రీహరి గారు భాగస్వామి. ఆ సీజన్ మొదట్లో చల్లటి గదుల్లో ఉష్ణోగ్రత చూసే కొత్త పరికరాలు పెట్టించారు. అవి క్షణం క్షణం రీడింగ్ రాసి మా సాఫ్ట్‌వేర్‌లోకి పంపటం మొదలుపెట్టాయి. లాగ్ ఒక్కసారిగా ఉబ్బిపోయింది. హెచ్చరికలు రాగానే నేను శ్రీహరి గారి దగ్గరికి వెళ్ళాను. "ఈ పరికరాల లాగ్ అయినా తగ్గించాలి, లేదా పెద్ద స్లాబ్ అయినా తీసుకోవాలండీ" అన్నాను.

"సీజన్లో కదపొద్దమ్మా. ఆ గదుల్లో ఏదైనా తేడా వస్తే రైతులకి ఎవరు సమాధానం చెప్తారు? సీజన్ అయ్యాక చూద్దాం" అన్నారాయన. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే మాట. నెలాఖరులో తాళం పడింది.

తాళం పడ్డ రెండో రోజు పొద్దున్నే రాజ్యలక్ష్మి గారు ఫోన్ చేశారు. "సుజాత గారూ, ఉన్నపళంగా రాగలరా? ఫోన్లో చెప్పేది కాదు."

వెళ్ళేసరికి ఆవిడ గదిలో శ్రీహరి గారు నిలబడి కేకలేస్తున్నారు. ఎదురుగా గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రమణయ్య గారు కూర్చుని ఉన్నారు. ఆయన ఒంగోలు ఆఫీసు అకౌంటెంట్. సంవత్సరాంతపు లెక్కలు ముగించటానికి గుంటూరు వచ్చారు.

జరిగింది ఇదీ. బ్యాంకాక్‌లో సరుకు కొనే వ్యాపారి ఆ పొద్దున ఫోన్ చేశాడట. "మీరు పంపిన కొత్త బ్యాంకు అకౌంట్‌లో మొదటి విడత వేశాం. ఇవాళ రెండోది వేస్తున్నాం, మొదటిదానికి రసీదు పంపలేదేం?" అని. కొత్త అకౌంట్ అంటూ ఏదీ లేదు. ఆ అకౌంట్ నంబరు పంపిన మెయిల్ ఎవరో బయటివాళ్ళు రమణయ్య గారి పేరు పెట్టుకుని పంపింది కూడా కాదు, ఆయన సొంత మెయిల్ బాక్స్‌లోంచే వెళ్ళింది. కింద ఆయన సంతకం, ఆయన రాసే తీరు, అన్నీ ఉన్నాయి.

"ఇంకా ఏం చూడాలి వదినా? ఇన్నేళ్ళు అన్నం పెట్టిన ఇంటికే కన్నం వేశాడు. పోలీసుల్ని పిలుద్దాం" అంటున్నారు శ్రీహరి గారు.

"నేను పంపలేదండీ. ఆ అకౌంట్ ఎవరిదో నాకు తెలియదు." రమణయ్య గారు అంతకుమించి ఏమీ అనటం లేదు. అంతలో ఆయన ఫోన్ మోగింది. భార్య. ఆయన ఎత్తబోతుంటే శ్రీహరి గారు చేతిలోంచి లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టారు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

రాజ్యలక్ష్మి గారు నా వైపు తిరిగారు. "మీ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఎవరు చేశారో తెలుస్తుంది కదా?"

"తెలుస్తుందండీ. కానీ దానికి తాళం పడి ఉంది."

ఆవిడకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. మరిది వంక చూశారు. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

ముందు చెయ్యాల్సింది చేశాం. బ్యాంకాక్ వ్యాపారికి ఫోన్‌లోనే చెప్పి రెండో విడత ఆపించాం. మొదటిదాని గురించి వెంటనే బ్యాంకులో ఫిర్యాదు ఇమ్మన్నాం. ఎవరో ఆఫీసు మెయిళ్ళు చదువుతున్నారు కాబట్టి మెయిల్‌లో ఒక్క మాట కూడా రాయొద్దని అందరికీ చెప్పాను. మిగతా కొనుగోలుదారులకి ఎంతమందికి ఇలాంటి ఉత్తరం వెళ్ళిందో తెలియదు. రాజ్యలక్ష్మి గారే ఒక్కొక్కరికీ స్వయంగా ఫోన్లు చెయ్యటం మొదలుపెట్టారు.

నేను హైదరాబాద్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్ మేనేజర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఇక్కడ దొంగతనం జరిగిందండీ. ఒక్క రోజుకి తాళం తియ్యండి చాలు."

"అర్థమవుతోంది మేడం. కానీ లైసెన్స్ పాలసీ అది. పెద్ద స్లాబ్‌కి మూడేళ్ళ ఆర్డర్ ఇవాళ సంతకం చేసి పంపండి, గంటలో కీ ఇప్పిస్తాను. మార్చి ఎండింగ్ డిస్కౌంట్ కూడా ఇవాళే ఆఖరు."

"ఆర్డర్ లేకుండా?"

"రిక్వెస్ట్ పెట్టగలను. పైవాళ్ళు చూసేసరికి రెండు మూడు రోజులు పడుతుంది."

ఆ రేటు అప్పుడు కడుతున్నదానికి దాదాపు మూడింతలు. "పెట్టెయ్యి వదినా సంతకం, ఇప్పుడు బేరాలేంటి?" అన్నారు శ్రీహరి గారు. ఆవిడ ఫోన్ పక్కన పెట్టించి నన్ను అడిగారు. "కొంటే ఏమవుతుంది? కొనకపోతే ఏమవుతుంది? సూటిగా చెప్పండి."

"కొంటే గంట, రెండు గంటల్లో తెలుస్తుంది. ఆ ఆర్డర్ మీద నాకు కమీషన్ వస్తుందన్న సంగతి మీకు తెలుసు. కొనకపోతే మెయిల్ సర్వర్‌లోకే వెళ్ళి చేత్తో వెతకాలి. అందులో వారం రోజుల లాగ్ మాత్రమే ఉంటుంది, పాతది దానంతటదే చెరిగిపోతుంది. సాయంత్రం దాకా పట్టొచ్చు. దొరుకుతుందని మాటివ్వలేను."

ఆవిడ రమణయ్య గారి వైపు చూశారు. ఆయన ముందున్న టీ మీద తొరక కట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"సాయంత్రం దాకా చూద్దాం. అప్పటిదాకా పోలీసులకి ఎవరూ ఫోన్ చెయ్యొద్దు" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

నేను సర్వర్ గదిలోకి వెళ్ళి మొట్టమొదట పాత లాగ్ చెరిగిపోకుండా ఆపాను. ఇక వెతకటం. మామూలుగా పేరు కొడితే సాఫ్ట్‌వేర్ వరస పెట్టి చూపించే పని అది. ఇప్పుడు వేల వేల వరుసల్లో అంతా ఒకదానిమీద ఒకటి పడి ఉంది. వెలుపల టిక్కీలు దించుతున్న కూలీల అరుపులు, లోపల ఏసీ చప్పుడు. మధ్యమధ్య శ్రీహరి గారు తలుపు దగ్గరికి వచ్చి "ఏమన్నా తేలిందా?" అని అడిగి వెళ్తున్నారు. దొరక్కపోతే ఆ మనిషిని స్టేషన్‌కి పంపినదాన్ని నేనే అవుతానన్న ఆలోచన ఎంత తోసేసినా పోలేదు.

మధ్యాహ్నం దాటాక బ్యాంకాక్‌కి మెయిల్ వెళ్ళిన క్షణం దొరికింది. అప్పుడు రమణయ్య గారి బాక్స్‌లోకి రెండు చోట్ల నుంచి లాగిన్ అయి ఉంది. ఒకటి ఒంగోలు ఆఫీసులో ఆయన కంప్యూటర్. రెండోది ఏదో పరాయి దేశం నుంచి. మెయిల్ వెళ్ళింది రెండోదాన్నుంచి. పైగా బ్యాంకాక్ నుంచి వచ్చే జవాబులు ఆయన కంట పడకుండా వేరే ఫోల్డర్‌లోకి మళ్ళించే రూల్ కూడా పెట్టి ఉంది.

రాజ్యలక్ష్మి గారిని, శ్రీహరి గారిని పిలిచి చూపించాను. శ్రీహరి గారు తల అడ్డంగా ఊపారు. "పాస్‌వర్డ్ ఇతనే అమ్ముకున్నాడేమో! ఇతనికి సంబంధం లేదని దీన్నిబట్టి ఎలా చెప్తారు?"

అడగాల్సిన ప్రశ్నే. మళ్ళీ కూర్చున్నాను. ఈసారి మనిషి పేరుతో కాకుండా ఆ పరాయి దేశపు ఇంటర్నెట్ అడ్రస్‌తో వెతికాను. అదే అడ్రస్ ఇంకో బాక్స్‌లోకి కూడా వచ్చి వెళ్తోంది. అది శ్రీహరి గారి బాక్స్.

రాజ్యలక్ష్మి గారి గదిలోకి వెళ్ళి, రమణయ్య గారిని అడిగి ఆయన బాక్స్ తెరిపించాను. శ్రీహరి గారి నుంచి వచ్చిన మెయిల్ ఒకటి అందులో ఉంది. సంవత్సరాంతపు ఫైల్ ఈ లింకులో ఉంది, పాస్‌వర్డ్ కొట్టి చూసి వెంటనే చెప్పు అని. ఆయన కొట్టారు. యజమాని అడిగితే కొట్టరా మరి.

"ఇది నేను పంపలేదే" అన్నారు శ్రీహరి గారు.

"అవునండీ, మీరు పంపలేదు. బ్యాంకాక్ మెయిల్ ఆయన పంపనట్టే. దొంగ ముందు మీ బాక్స్‌లోకి వచ్చి, అక్కణ్ణుంచి ఈ లింకు పంపి ఆయన పాస్‌వర్డ్ కాజేశాడు."

శ్రీహరి గారు బల్ల మీది ఫోన్ తీసి రమణయ్య గారి చేతిలో పెట్టారు. "ఏమనుకోకు రమణయ్యా" అన్నారు. ఆయన ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళి భార్యకి ఫోన్ చేశారు. "ఏం లేదు, పనిలో ఉన్నా" అన్న మాట మాత్రం మాకు వినిపించింది.

అందరి పాస్‌వర్డ్‌లూ ఆ పూటే మార్పించాం. మొదటి విడత సొమ్ములో చాలావరకు అవతలి బ్యాంకు ఆపగలిగింది, అది కొన్ని నెలలకి వెనక్కి వచ్చింది. మిగతాది పోయింది.

పెద్ద స్లాబ్ కొనలేదు. ఉష్ణోగ్రత పరికరాల రీడింగులు ఆ గదుల దగ్గరే భద్రంగా దాచి, తేడా వచ్చినప్పుడు మాత్రమే సాఫ్ట్‌వేర్‌కి పంపేలా మార్చాం. లాగ్ పాత పరిమితిలోకి దిగివచ్చింది. రెన్యువల్‌కి ఆ సేల్స్ మేనేజరే గుంటూరు వచ్చాడు. రాజ్యలక్ష్మి గారు ధర గురించి ఎత్తకుండానే, "పరిమితి దాటితే ఎక్కువ బిల్లు వెయ్యండి, కడతాను. తాళం మాత్రం వెయ్యకూడదు. అది రాసిస్తేనే సంతకం" అన్నారు. బతిమాలి, పైవాళ్ళతో మాట్లాడి, చివరికి రాసిచ్చాడు.

రమణయ్య గారు లెక్కలన్నీ ముగించి, సీజన్ అయ్యేదాకా పనిచేసి మానేశారు. జీతం పెంచుతామన్నా ఆగలేదు. ఆ తర్వాత ఒంగోలులో ఒక గ్రానైట్ ఆఫీసుకి పని మీద వెళ్తే అక్కడ కనిపించారు. టీ తెప్పించారు. వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి, "ఆ రోజు మీకది దొరక్కపోతే నేనేమయ్యేవాణ్ణండీ?" అని అడిగారు. "దొరికింది కదండీ" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ అమ్మటానికి ఎవరు వచ్చినా జీబీ ఎంతకిస్తారని ముందు అడగను. పరిమితి దాటిన రోజున వెతకనిస్తారా లేదా అని అడుగుతాను. కాగితం మీద రాసిమ్మంటాను. దానికి లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. వాళ్ళ సరుకు ఎంత చవకైనా నా క్లయింట్లకి చెప్పను. అందరూ ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దొంగ అంటున్నప్పుడు, కాదని చూపించటానికి ఆ లాగ్ తప్ప అతనికి వేరే దిక్కు ఉండకపోవచ్చు.