వంశం చెప్పేటాయన వచ్చినప్పుడు

మా ఊరి చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నా నేను చదివేవాణ్ణి కాదనుకోండి. ఎనిమిదో తరగతి సగంలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా మాస్టారు చెప్పుకునేవారు. ఎవరి మాట నిజమైనా ఇద్దరికీ సుఖంగానే ఉంది.

ఊరు ఎప్పుడు పుట్టింది, ముందు ఎవరొచ్చి దిగారు, పక్క ఊరికీ మాకూ గట్టు తగాదా ఏ కాలంలో మొదలైంది, ఇవన్నీ ఒకే ఒక మనిషి నోట్లో ఉండేవి. మా ఇళ్లకు వంశం చెప్పేటాయన. వాళ్ల తాత మా తాతలకు చెప్పాడు, వాళ్ల నాన్న మా పెద్దలకు చెప్పాడు, ఈయన మాకు చెప్పేవాడు. నాలుగైదేళ్లకోసారి, మిరపకాయలు కళ్లాల మీద ఎర్రగా పరిచి ఉన్న రోజుల్లో, భుజాన తంబూరా తగిలించుకుని దిగేవాడు. ఇళ్లలో ఒకరికి పెట్టడానికి ఏమైనా ఉండేది అప్పుడే మరి.

ఆయన పద్ధతి ఇదీ. మా ఇంటిపేరు వాళ్లందరినీ ఒక ఇంటి ముందు కూర్చోబెట్టి, మొట్టమొదట ఏరు దాటి వచ్చిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క పేరే పాడుకుంటూ వస్తాడు. ఉత్త పేరు పాడడు. ప్రతి పేరుకూ ఒక మాట తగిలిస్తాడు. ఎద్దు తోక పట్టుకుని గుండ్లకమ్మ ఈదినవాడు. కంపచెట్లు నరికి నల్లరేగడి బయటపెట్టినవాడు. ఇద్దరు పెళ్లాల మధ్య గోడ కట్టి, తాను గోడ మీద పడుకున్నవాడు. ప్రతి పేరు దగ్గరా ఆగి మావైపు చూస్తాడు. ఆ కొమ్మలో పెద్దవాడు "ఔను" అనాలి. అంటేనే తర్వాతి పేరు. అనేవాళ్లు లేక ఆగిపోతే తంబూరా మీటుకుంటూ అక్కడే కూర్చుంటాడు తప్ప ముందుకు కదలడు.

ఆయన వెళ్లిపోయాక నెల రోజులు నేను ఆయనలాగా పాడి అందరినీ ఏడిపించేవాణ్ణి. నా పాటకు మొదటి బలి మా బాబాయి. మా నాన్నకు తమ్ముడే గానీ నాకంటే ఆరేడేళ్లే పెద్ద. "బస్సెక్కి కండక్టరుకి కనబడనివాడు" అని నేను అందుకుంటే, "ఔను" అని తానే అనేవాడు. నేను వాణ్ణి "ఒరే బాబాయ్" అని పిలిచేవాణ్ణి, వాడు నన్ను "ఏరా తాతా" అనేవాడు. వినేవాళ్లకు మా వరస ఏమిటో ఎప్పటికీ తేలేది కాదు.

ఆ బాబాయి తొంభైల చివర్లో ఒక ఏడు కౌలుకు చేను పట్టి పత్తి వేశాడు. పూత మీద ముసురు పట్టింది. తర్వాత కాయలో పచ్చపురుగు దిగింది. ఏ మందు కొట్టినా అది పొద్దున్న పడుకుని సాయంత్రానికి లేచి కూర్చునేది. "తాతా, నాకన్నా దానికే ఒంట్లో బాగుంది" అనేవాడు బాబాయి. అదే వాడు నాతో వేసిన చివరి జోకు. ఒక మధ్యాహ్నం చేను గట్టున మందు తాగి పడిపోయాడు. అద్దంకి ఆసుపత్రి దాకా కూడా తీసుకెళ్లలేకపోయాం.

ఎదురుగాలిలో మందు కొడుతుంటే లోపలికి పోయిందని మా నాన్న అందరికీ చెప్పాడు. ఎవరూ ఎదురు అడగలేదు. ఆ తర్వాత మా ఇంట్లో బాబాయి పేరు వినబడలేదు. ఎవరి నోటి వెంటైనా జారితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. మా అమ్మ ఒకసారి పొరపాటున నన్ను ఆ పేరుతో పిలిచి నాలుక కరుచుకుంది. నాయనమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. వీధి వైపు చూసేది. ఎవరికోసమో కాదు, వంశం చెప్పేటాయన కోసమని నాకు తర్వాత తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆయన మళ్లీ వచ్చాడు. అప్పటికి నేను ట్రాక్టరు నడుపుతున్నాను. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు దించి వస్తుంటే డొంక మొదట్లో ఆపాడు. ముసలితనం పైబడింది. మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చుని, దారిలో కనబడిన ప్రతి ఊరికీ ఒక పుట్టుక చెప్పుకుంటూ వచ్చాడు. ఈ ఊరు మొదట అటు గుట్ట దగ్గర ఉండేది, కలరా వచ్చి ఇటు జరిగింది. ఆ ఊరివాళ్లు సింగరాయకొండ వైపు నుంచి ఉప్పు బళ్లతో వచ్చి, ఇరుసు విరిగి ఇక్కడే ఆగిపోయారు.

"మా ఊరివాళ్లు కూడా ఇరుసు విరిగే ఆగుంటారులే. లేకపోతే బుద్ధున్నోడెవడైనా ఆగుతాడా ఇక్కడ?" అన్నాను.

ఆయన నవ్వి, "మీ ఇంట్లో కొత్తగా పుట్టినోళ్లున్నారా చినబాబూ?" అన్నాడు.

"గేదె ఈనింది."

"పోయినోళ్లో?"

నేను గేరు మార్చాను. మార్చాల్సిన చోటు కాదది. ట్రాక్టరు ఒక్క కుదుపు కుదిపింది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు పందిరి కింద పట్టాలు పరిచాం. మావాళ్లంతా వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు వసారాలో ఉన్నారు. నాయనమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన తంబూరా శ్రుతి చేసుకుంటుండగా నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో మార్పేం లేదు పెద్దాయనా. పోయినసారి ఏం చెప్పావో అదే చెప్పు."

"మార్పేం లేదా?" అంది నాయనమ్మ. తొడిమలు తీసే చెయ్యి ఆగింది. "ఏరా పెద్దోడా, మార్పేం లేదా మనింట్లో?"

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకునే ఉన్నా ఇన్నాళ్లూ. ఏవయ్యా, నా చిన్నోడు పోయాడు. వాడి పేరు కలుపు."

నాన్న ముఖం కందగడ్డలా అయింది. "పెళ్లి కూడా కానోడు. వాడికి కొమ్మేంది, వంశమేంది? అయినా ఈయన మన ఒక్క ఊళ్లోనే చెప్తాడా? మనవాళ్లున్న ప్రతి ఊళ్లోనూ పాడతాడు. రేపు నేను పొదిలి సంతకు పోతే, అదిగో ఫలానా వాడి అన్న అని చూపించుకోరూ?"

"చూపించుకోనీ. నేనెన్నాళ్లుంటాను? నేను పోతే వాడి పేరెత్తే మనిషి లేడురా ఈ ఇంట్లో."

"ఎట్టా పోయాడమ్మా?" అని ఆయన నాయనమ్మనే అడిగాడు. నాన్న గబుక్కున, "ఎదురుగాలికి మందు కొడుతుంటే..." అని మొదలుపెట్టి, ఆయన తనవైపు చూడకపోవడం చూసి ఆగిపోయాడు.

"తాగాడు" అంది నాయనమ్మ.

ఆయన తంబూరా ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు. అలా పెట్టడం నేను అంతకు ముందు చూడలేదు.

"మీ మూడో తరంలో చిన్నోణ్ణి ఏమని పాడతాను నేను?" అని మా అందరినీ అడిగాడు.

ఆ సంగతి మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. బావి తవ్వినవాడు. మా గొప్ప అంతా ఆ బావి. సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా ఆ బావిని ముందు పెట్టేవాళ్లు. ఎవరో ఆ మాటే అన్నారు.

"తవ్వాడు, నిజమే. కరువులో తవ్వాడు. ఎంత లోతుకు పోయినా నీళ్లు పడలేదు. ఊరు నవ్వింది. అందులోనే దూకాడు. ఆయనకీ పెళ్లి కాలేదు. ఆ పై ఏడు వానలు పడి బావి నిండింది. బావి సంగతొక్కటి పాడి, మిగతాది వదిలెయ్యమని మీవాళ్లు మా ముత్తాతను అడిగారు. వదిలేశాడు. మా నాయన మాత్రం నాకు రెండూ నేర్పాడు. పైకి పాడేదొకటి, లోపల ఉంచుకునేదొకటి."

నాకు ఏ సందర్భంలోనైనా నాలుక చివర ఏదో ఒకటి ఉండేది. చావు ఇళ్లలో కూడా నవ్వించి తిట్లు తిన్నవాణ్ణి. ఆ పొద్దు నోట్లో ఏమీ లేదు. ఎండాకాలం ఆ బావిలో దూకి ఈదుకుంటూ పెరిగాం, నేనూ బాబాయీ.

నాన్న గొంతు తగ్గింది. "సరే, అయితే వీడికీ అట్టాంటి మంచి మాటొకటి కట్టు. చేను చేసినవాడనో, కష్టపడ్డవాడనో. పేరుంటుంది, అమ్మకీ తృప్తి."

నాకు అది సబబుగానే అనిపించింది. అందరూ తలలూపారు కూడా. నాయనమ్మ ఒళ్లోని కాయలు చాటలో దులిపి లేచి నిలబడింది.

"వద్దు. అట్టా మంచి మాటలు కట్టబట్టే నాకు తెలీలేదు. ఈ ఇంటికి కాపరానికొచ్చి ఇన్నేళ్లయింది, ఆ బావి నీళ్లే తాగాను. అట్టాంటిది మనింట్లో జరుగుద్దని నాకెవరు చెప్పారు? తెలిసుంటే ఆ ఏడు వాడు చేలో ఒంటరిగా తిరుగుతుంటే ఊరుకునేదాన్నా? పనికాడికి పోయేటప్పుడు పక్కన మనిషిని పంపేదాన్ని. మందు డబ్బాలు నా మంచం కింద పెట్టుకునేదాన్ని. నాకు తెలీదు. రేపు వీడి పిల్లలకు కూడా తెలీకుండా పాడతారా?" అని నన్ను చూపించింది.

ఎవరో పొలమారినట్టు దగ్గారు. మిరప ఘాటు అనుకోవచ్చు.

"నాకు మాట కట్టడం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పు" అని నాయనమ్మ మళ్లీ కూర్చుంది.

ఆయన నాన్నవైపు చూశాడు. నాన్న పట్టా అంచు వేళ్లతో చుడుతున్నాడు, విప్పుతున్నాడు. వద్దు అనలేదు. ఆయన నావైపు తిరిగి, "నువ్వు మాటకారివి గదా చినబాబూ, ఎట్టా అందాం?" అన్నాడు.

"మందు తాగినవాడని మొదలుపెట్టొద్దు" అన్నాను. "ముందు పత్తి వేశాడు. అది ముందు చెప్పు."

ఆయన కళ్లు మూసుకుని పెదాలు కదుపుకున్నాడు. తర్వాత తంబూరా అందుకున్నాడు. ఏరు దాటినవాడు వచ్చాడు, కంప నరికినవాడు వచ్చాడు. గోడ మీద పడుకున్నవాడు వచ్చాడుగానీ ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడో తరంలో చిన్నవాడు వచ్చాడు. బావి తవ్వినవాడు, నీళ్లు పడక అందులోనే దూకినవాడు. మావాళ్లలో అందరికంటే ముసలాయన వాడుకలో "ఔ" అనేసి, ఏం విన్నాడో అర్థమయ్యాక మిగతా సగం మెల్లిగా అన్నాడు.

మా తాత పేరయింది. నాన్న పేరయింది. ఆ తర్వాత మా ఇంటి ముందు, పట్టపగలు, పదిమంది మధ్య, గొంతెత్తి బాబాయి పేరు పాడాడు. కౌలు చేలో పత్తి వేసినవాడు, పత్తి పోతే మందు తాగినవాడు.

తంబూరా మోగుతూ ఉంది. ఔను అనాల్సింది మా నాన్న. ఆయన తల వంచుకునే ఉన్నాడు. పందిరి సందుల్లోంచి ఎండ ఆయన వీపు మీద పడుతోంది, ఆ వీపు కదులుతోంది. నాయనమ్మ ఆయన్ని తొందరపెట్టలేదు. వంశం చెప్పేటాయనా పెట్టలేదు, అలాగే మీటుకుంటూ కూర్చున్నాడు. చివరికి నాన్న నోరు తెరిచాడు. మొదటిసారి గాలి తప్ప మాట రాలేదు. రెండోసారి అందరికీ వినబడింది.

పాట అయ్యాక వంశం చెప్పేటాయనకు అన్నం పెట్టాం, కాయలు పోశాం, నాయనమ్మ తన పెట్టెలోంచి బాబాయి పంచె తీసిచ్చింది. ఆయన మూట కట్టుకుంటుండగా వీధి చివరింటి పెద్దమ్మ వచ్చి పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. వరసకు పెద్దమ్మ, మా ఇంటిపేరే. బాబాయి పోయిన ఏడే వాళ్లాయన కూడా పోయాడు. పాము కరిచిందని చెప్పారు, మేమూ పామేనని నమ్మినట్టే మెలిగాం.

"మా ఇంటికి కూడా రా అయ్యా" అంది. "మా ఆయన్ది కూడా ఉన్నట్టు పాడు. పిల్లలు పెద్దోళ్లవుతున్నారు." గుంజ వదిలి, "కాకపోతే మా ఇంట్లో ఔను అనడానికి మగాళ్లెవరూ లేరు" అంది.

ఆయన ఏదో చెప్పబోయాడు. నాన్న అప్పటికే లేచి, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. తంబూరా ఆయన చేతుల్లోంచి తానే అందుకున్నాడు. "పద పెద్దాయనా, నేనంటాను" అని ముందు నడిచాడు.